ఓక్లహోమా: ఎర్రమట్టి నేల, పల్చటి ఇళ్ళు, మే నెల సుడిగాలి

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం గురించి తెలుగులో చెప్పాలంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి. తుఫాను అనగానే మన మనసులో మెదిలేది సముద్రం మీద వాయుగుండంగా పుట్టి, రెండు మూడు రోజుల ముందే కబురు పంపి, జిల్లాలకు జిల్లాలనే తడిపి పోయే గాలివాన. ఓక్లహోమాలో మనుషుల్ని భయపెట్టేది వేరు. మధ్యాహ్నం దాకా ఎండ కాస్తుంది, మూడింటికి పడమట ఒక మబ్బు బుసబుసా లేస్తుంది, నాలుగింటికి ఒక వీధిలో ఇళ్ళు పునాది దాకా ఊడ్చుకుపోతాయి, రెండు వీధుల అవతల కిటికీ అద్దం కూడా పగలదు. అదీ టోర్నడో. దానికి సిద్ధపడే తీరు కూడా వేరే. రోజుల లెక్క పనికిరాదు, నిమిషాల లెక్క కావాలి.

పటంలో ఈ రాష్ట్రం పొడుగాటి పిడి ఉన్న పెనంలా ఉంటుంది. వైశాల్యం సుమారు 1,81,000 చదరపు కిలోమీటర్లు, 2020 లెక్కల ప్రకారం జనాభా 39.6 లక్షలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) 77. తూర్పున ఓజార్క్, వాషిటా కొండలు, అడవి, వాగులు. పడమటికి పోయేకొద్దీ వాన తగ్గి, చెట్లు పల్చబడి, గడ్డి మైదానమే మిగులుతుంది. పిడి చివరన ఉన్న బ్లాక్ మెసా 4,973 అడుగులతో రాష్ట్రంలోకెల్లా ఎత్తైన చోటు. నడిమధ్యన రాజధాని ఓక్లహోమా సిటీ. ఐ-35, ఐ-40, ఐ-44 రహదారులు మూడూ అక్కడే కలుస్తాయి. దానికి దక్షిణంగా ఆనుకుని మూర్, ఇంకా కిందికి నార్మన్. సుడిగాలి దెబ్బలు తిన్న ఊరు మూర్ అయితే, సుడిగాలిని చదవడం ప్రపంచానికి నేర్పిన ఊరు నార్మన్.

పేరు చోక్టా అనే అమెరికా ఆదివాసీ జాతి భాషది. ‘ఓక్లా’ అంటే జనం, ‘హుమ్మా’ అంటే ఎరుపు. 1866 ఒప్పందాల సమయంలో చోక్టా నాయకుడు ఆలెన్ రైట్ ఈ పేరు సూచించాడు. ఆ చోక్టాలు అక్కడివాళ్ళు కారు. 1830లో వచ్చిన చట్టం అండతో ఆగ్నేయ రాష్ట్రాల నుంచి చోక్టా, చెరొకీ, క్రీక్, చికసా, సెమినోల్ జాతులను వాళ్ళ నేల మీంచి లేపి ఇక్కడికి తోలారు. 1838-39 చలికాలంలో సుమారు 16,000 మంది చెరొకీలు నడిస్తే దారిలోనూ శిబిరాల్లోనూ 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఈ కొత్త నేల ఇక ఎప్పటికీ మీదేనని ఒప్పందాల్లో రాసిచ్చారు. ఆ మాట నిలవలేదు. 1887 నాటి డాస్ చట్టం, 1898 నాటి కర్టిస్ చట్టం కలిసి జాతి ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింతని పంచాయి, మిగిలింది బయటివాళ్ళకు తెరిచాయి.

తెరిచిన తీరు కూడా వింతే. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం 12 గంటలకు తుపాకీ పేలగానే సుమారు 50,000 మంది గుర్రాల మీదా బండ్ల మీదా దూకారు. ఎవరు ముందు గుంజ పాతితే వారిది 160 ఎకరాలు. గీత దాటకుండా ఆగాల్సినవాళ్ళలో కొందరు ముందు రాత్రే లోపలికి దూరి పొదల్లో దాక్కున్నారు. వాళ్ళకు ‘సూనర్లు’ అని పేరు పడింది. మొదట్లో అది తిట్టు, ఇప్పుడు రాష్ట్రానికి ముద్దు పేరు. పొద్దున ఖాళీ మైదానంగా ఉన్న ఓక్లహోమా సిటీ, గత్రీ సాయంత్రానికి వేల మంది ఉన్న డేరాల ఊళ్ళయ్యాయి. జాతుల వాళ్ళు 1905లో తమకు సెక్వోయా పేరుతో వేరే రాష్ట్రం కావాలని రాజ్యాంగం రాసుకుని అడిగినా కాంగ్రెస్ పట్టించుకోలేదు. జాతుల భూభాగాన్నీ, బయటివాళ్ళకు తెరిచిన భూభాగాన్నీ కలిపి 1907 నవంబర్ 16న 46వ రాష్ట్రం చేశారు. అయితే కథ అక్కడ ముగియలేదు. క్రీక్ జాతి రిజర్వేషన్‌ను, అంటే ఆ జాతికి కేటాయించిన నేలను, కాంగ్రెస్ ఏనాడూ రద్దు చేయలేదని 2020 జూలైలో మెగర్ట్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. టల్సాలో చాలా భాగం ఆ సరిహద్దుల్లోనే ఉంది.

టల్సాకు 1905లో గ్లెన్ పూల్‌లో పడ్డ చమురు అదృష్టం తెచ్చింది. ఆ డబ్బు మధ్యనే గ్రీన్‌వుడ్‌లో నల్లజాతి వ్యాపారులు కట్టుకున్న బస్తీని 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లవాళ్ళ మూక తగలబెట్టింది. 35 బ్లాకుల ఇళ్ళూ దుకాణాలూ బూడిదయ్యాయి. చనిపోయినవాళ్ళు 100 నుంచి 300 దాకా అని చరిత్రకారుల అంచనా. దశాబ్దాల పాటు బడి పుస్తకాల్లో ఆ ముక్కే లేదు. ఆ తర్వాత 1930ల కరువు, దుక్కి దున్ని వదిలేసిన పిడి కౌంటీల నుంచి మట్టి మేఘాలై లేవడం, 1935 ఏప్రిల్ 14 నాటి నల్ల ఆదివారం. ఆ దశకంలో లక్షల మంది మైదానాలు వదిలి పడమటికి పోయారు.

ఇక గాలి సంగతి. మార్చి చివరి నుంచి జూన్ దాకా, అన్నిటికంటే మేలో, మూడు గాలులు ఈ నేల మీద కలుస్తాయి. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి చెమటలు పట్టించే తడిగాలి నేలబారుగా వస్తుంది. న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సాస్ పీఠభూమి నుంచి పొడిగాలి వస్తుంది. ఈ రెండూ రాసుకునే గీతను డ్రైలైన్ అంటారు. పైన చాలా ఎత్తున జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి దూసుకుపోతుంటుంది. పీఠభూమి మీంచి వచ్చిన వేడిగాలి పొర తడిగాలి నెత్తిన మూతలా కూర్చుంటుంది, దాని పేరే క్యాప్. ఎసరు మీద మూత పెట్టినట్టే. మూత గట్టిగా ఉంటే సాయంత్రం దాకా ఒక్క మబ్బూ లేవదు, అందరూ భయపడిన రోజు ఊరికే గడిచిపోతుంది. మూత ఎక్కడో ఒకచోట తెగితే పొద్దంతా కింద పోగైన వేడీ తేమా ఆ ఒక్క కన్నంలోంచే పైకి పొంగుతాయి, గంటలోపే మబ్బు 50,000 అడుగులు దాటుతుంది. నేల దగ్గర గాలి ఆగ్నేయం నుంచి, పైన నైరుతి నుంచి, ఇంకా పైన పడమటి నుంచి వీస్తుంటే ఆ మబ్బు మొత్తం గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. అది సూపర్‌సెల్. మొత్తం సూపర్‌సెల్స్‌లో కొన్నిటికే టోర్నడో దిగుతుంది. అందుకే ముందస్తు అంచనాలో కౌంటీ చెప్పగలరు గానీ వీధి చెప్పలేరు.

ఇదంతా ఒక్కసారిగా తెలిసింది కాదు. ఈ రాష్ట్రంలో ఒక్కో సుడిగాలి ఒక్కో తప్పును దిద్దించింది. 1947 ఏప్రిల్ 9 రాత్రి వుడ్‌వర్డ్ ఊళ్ళో 107 మంది చనిపోయినప్పుడు హెచ్చరిక అన్నదే లేదు. జనం బెదిరిపోతారని వాతావరణ శాఖ అంచనాల్లో టోర్నడో అన్న మాట వాడటానికే వెనకాడేది. మరుసటి ఏడాది మార్చి 20న ఓక్లహోమా సిటీ పక్కనున్న టింకర్ వైమానిక స్థావరాన్ని సుడిగాలి కొట్టింది, విమానాలు ముక్కలయ్యాయి. ఐదు రోజుల తర్వాత మార్చి 25న ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు వైమానిక దళ అధికారులు ఆనాటి పటాలు అచ్చం మార్చి 20 పటాల్లాగే ఉన్నాయని గమనించి, ధైర్యం చేసి హెచ్చరిక రాశారు. కదపగలిగిన విమానాలను హ్యాంగర్లలోకి నెట్టారు. సుమారు మూడు గంటల తర్వాత అదే స్థావరం మీదికి రెండో సుడిగాలి వచ్చింది. ఒక చోటికని గురిపెట్టి చెప్పిన మొదటి టోర్నడో అంచనా అదే, అదీ నిజమైంది.

1973 మే 24న యూనియన్ సిటీ మీదికి వచ్చిన సుడిగాలిని నార్మన్ పరిశోధకులు మబ్బులో గాలి కదలికను కొలిచే డాప్లర్ రాడార్‌తో పుట్టుక నుంచి చావు దాకా పట్టారు. నేలను తాకకముందే పైన మబ్బులో ఎదురెదురుగా పోయే గాలుల జంట గుర్తు కనిపించింది. 1990ల్లో దేశమంతా నిలబెట్టిన డాప్లర్ రాడార్లకు ఆ గుర్తే పునాది.

1999 మే 3 సాయంత్రం బ్రిడ్జ్ క్రీక్ నుంచి మూర్ మీదుగా 38 మైళ్ళు నడిచిన సుడిగాలిలో లారీ మీద తెచ్చిన రాడార్ గంటకు 300 మైళ్ళకు పైగా వేగం కొలిచింది. 36 మంది చనిపోయారు. ‘టోర్నడో ఎమర్జెన్సీ’ అన్న మాట హెచ్చరికలో మొదటిసారి వాడింది ఆ రోజే. ఆ రోజు కూలిపోయిన నమ్మకం ఇంకొకటి ఉంది: ఫ్లైఓవర్ కింద దూరితే బతుకుతామని. 1991లో కాన్సస్ రహదారి మీద తీసిన ఒక వీడియో చూసి జనం దాన్ని నమ్మారు. 1999లో మూడు ఫ్లైఓవర్ల కింద ఒక్కొక్కరు చొప్పున చనిపోయారు, బతికినవాళ్ళలో చాలామందికి ఘోరమైన గాయాలు. కారణం సులువే. ఆ ఇరుకు సందులో గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది. వాలు ఎక్కి దూలం కిందికి చేరితే నేలబారు కంటే ఎత్తులో, ఇంకా బలమైన గాలిలో కూర్చున్నట్టు. పైగా ఆగిన కార్లతో దారి మూసుకుపోయి వెనకవాళ్ళు ఇరుక్కుంటారు.

2013 మే 20 మధ్యాహ్నం 2:40కి హెచ్చరిక, 2:56కి నేల మీద సుడిగాలి, 3:35 దాకా 39 నిమిషాలు. దాదాపు అదే దారి, మళ్ళీ మూర్. వెడల్పు ఒక దశలో మైలు దాటింది. 24 మంది చనిపోయారు. వాళ్ళలో 7 మంది ప్లాజా టవర్స్ ప్రాథమిక పాఠశాల పిల్లలు. హెచ్చరిక 16 నిమిషాల ముందే వచ్చింది, టీచర్లు తమకు చెప్పినట్టే పిల్లల్ని గోడల పక్కన తలలు వంచి కూర్చోబెట్టారు. ఆ బడిలో షెల్టర్ లేదు, ఆ గోడలే కూలాయి. హెచ్చరిక ఎంత ముందొచ్చినా వెళ్ళడానికి చోటుండాలి. తిరిగి కట్టిన బడిలో షెల్టర్ కట్టారు.

పదకొండు రోజులకే, మే 31న ఎల్ రీనో దగ్గర 2.6 మైళ్ళ వెడల్పున్న సుడిగాలి దిగింది. నమోదైన వాటిలో ఇంత వెడల్పైనది లేదు. మూర్ చూసి బెదిరిన నగరవాసులు ఇల్లు వదిలి కార్లెక్కారు. ఐ-35, ఐ-40 మీద బంపర్‌కు బంపర్ ఆనించి కార్లు నిలిచిపోయాయి. సుడిగాలిలో చనిపోయిన 8 మందీ వాహనాలతో బయట ఉన్నవాళ్ళే. అనుభవజ్ఞుడైన పరిశోధకుడు టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ వాళ్ళలో ఉన్నారు. అది ఆగ్నేయంగా పోతూ ఉన్నట్టుండి ఈశాన్యానికి తిరిగింది. అదే రాత్రి కుండపోతకు, తూములో తలదాచుకున్న కుటుంబాలు వరదలో కొట్టుకుపోయాయి. గాలికి పనికొచ్చే పల్లం నీటికి ఉరి అవుతుందని ఆ రాత్రి నేర్పింది.

ఇల్లు ఎలా కూలుతుందో దగ్గర నుంచి చూడాలి. అది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఇక్కడి ఇల్లు కాంక్రీట్ స్లాబ్ మీద నిలబెట్టిన కర్ర చట్రం. ఎక్కువగా ముందు లొంగేది గరాజ్ తలుపు. రెండు కార్ల వెడల్పు, పల్చటి రేకు, ఇరువైపులా చిన్న చక్రాల మీద నిలబడి ఉంటుంది. గాలి తోసేసరికి మధ్యలో వంగి, చక్రాలు గాడిలోంచి ఊడి, తలుపు లోపలికి పడుతుంది. గాలి గరాజ్‌లో నిండి కప్పును కిందినుంచి పైకి నెడుతుంది. అదే సమయంలో పైన పారే గాలి కప్పును పీకుతుంటుంది. కప్పు రాఫ్టర్లను (వాసాలను) గోడ నెత్తినున్న కర్రకు పట్టి ఉంచేది ఏటవాలుగా కొట్టిన రెండు మూడు మేకులు. అవి కిందికి దిగే బరువుకు పనికొస్తాయి గానీ పైకి లాగితే పళ్ళలా ఊడొస్తాయి. కప్పు లేస్తే గోడలకు పైన ఊతం పోతుంది, బయటికి పడిపోతాయి. గోడ అడుగు కర్రను స్లాబ్‌కు బోల్టులతో కాక మేకులతో కొట్టి ఉంటే మొత్తం చట్రం జారిపోతుంది. మిగిలేది గచ్చు. కిటికీలు తెరిస్తే లోపలి ఒత్తిడి తగ్గి ఇల్లు నిలుస్తుందన్న పాత మాట పచ్చి తప్పు. తెరిచిన కిటికీ అంటే గాలికి మీరే తీసిన గరాజ్ తలుపు.

అందుకే 2014లో మూర్ నగరం ఇళ్ళ నిర్మాణ నియమాలు మార్చింది. టోర్నడో కోసం అలా మార్చిన మొదటి ఊరు అమెరికాలో అదే. గంటకు 135 మైళ్ళ గాలికి తట్టుకునే గరాజ్ తలుపు, రాఫ్టర్ల మధ్య 24 అంగుళాలకు బదులు 16, ప్రతి రాఫ్టర్‌నూ గోడకు బిగించే ఇనప క్లిప్పు, మెలిక గాట్లున్న మేకులు అంచుల్లో 4 అంగుళాలకొకటి. 200 మైళ్ళ గాలికి ఇదేమీ నిలబడదు. కానీ సుడిగాలి దారి అంచుల్లో, సుడిగాలి బలాన్ని చెప్పే ఇఎఫ్ కొలమానంలో ఇఎఫ్-1, ఇఎఫ్-2 అనే కింది స్థాయి గాలి తగిలే ఇళ్ళే ఎక్కువ. అక్కడ ఆ మేకులే కప్పును నిలబెడతాయి.

బేస్‌మెంట్లు ఎందుకు లేవని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఎర్ర బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుని భూగర్భ గోడలను నలిపేస్తుంది. చలికి నేల లోతుగా గడ్డకట్టదు గనుక లోతు పునాదీ అక్కర్లేదు. స్లాబే చవక. పాత రోజుల్లో ఇంటి వెనక నేలమాళిగ ఉండేది, దాన్ని ‘ఫ్రెయిడీ హోల్’ అనేవారు, పిరికి గుంత అన్నమాట. ఇప్పుడు ఆ స్థానంలో కొనుక్కునే షెల్టర్ వచ్చింది.

షెల్టర్ రెండు రకాలు. ఒకటి గరాజ్ స్లాబ్ కోసి, గుంత తవ్వి, ఉక్కు పెట్టె దించి, చుట్టూ కాంక్రీట్ పోసేది. దీనికి జారుడు మూత. రెండోది ఇంట్లోనో గరాజ్‌లోనో స్లాబ్‌కు బోల్టులు వేసి నిలబెట్టే ఉక్కు గది. వృద్ధులు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చక్రాల కుర్చీ ఉన్న ఇంట్లో రెండోదే మేలు, మెట్లు దిగే పని లేదు. రెండూ సరిగా చేస్తే సమానంగా కాపాడతాయి. ప్రమాణం ఒక్కటే: 250 మైళ్ళ గాలి, దాంతోపాటు 15 పౌండ్ల కర్ర దూలం గంటకు 100 మైళ్ళతో వచ్చి గుద్దినా గోడా తలుపూ చిల్లు పడకూడదు. అమ్మేవాళ్ళు ‘ఫెమా ఆమోదించింది’ అంటే నమ్మకండి. ఫెమా అంటే అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ, అది మార్గదర్శకాలు ఇస్తుంది గానీ ఏ కంపెనీ సరుకునూ ఆమోదించదు. షెల్టర్ల నిర్మాణ ప్రమాణమైన ఐసీసీ-500 ప్రకారం పరీక్షించిన కాగితం అడగండి, తలుపు, చట్రం, గొళ్ళేలు కలిపి పరీక్షించారా అని కూడా అడగండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది తలుపు దగ్గరే. మామూలు ఇనప తలుపుకు మూడు గడియలు బిగించినంత మాత్రాన సరిపోదు.

మనిషికి 3 చదరపు అడుగులు చాలు, నాలుగు అడుగులకు ఆరు అడుగుల గదిలో 8 మంది పడతారు. స్లాబ్‌లో బిగించిన ఉక్కు తీగలు ఉంటే గుడ్డిగా కోయడం, రంధ్రం వేయడం చేయకూడదు. తీగ తెగితే మనిషికీ స్లాబ్‌కూ ప్రమాదం. గుంత పెట్టెను చుట్టూ కాంక్రీట్‌తో పట్టి ఉంచకపోతే భారీ వానకు ఖాళీ డబ్బాలా పైకి తేలుతుంది. మూత మీద శిథిలాలు పడితే తెరుచుకోదు గనుక లోపల కారు జాకీ ఒకటి, ఈల ఒకటి తప్పకుండా ఉండాలి. బూట్లు, హెల్మెట్లు, మందులు, నీళ్ళు కూడా. సుడిగాలి పోయాక జనం కాళ్ళకు గుచ్చుకునేవి ఆ ఊడిన మేకులే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే కింది అంతస్తు, నడిమధ్య, కిటికీ లేని స్నానాల గదో అల్మారా గదో. పై అంతస్తులో ఉన్నవాళ్ళు కింది ఇంటివాళ్ళతో ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టుకోవాలి, సైరన్ మోగాక తలుపు కొట్టడం ఆలస్యం. మొబైల్ హోమ్‌లో, అంటే వేరేచోట కట్టి తెచ్చి నిలబెట్టే తేలికపాటి ఇంట్లో ఉంటే వార్నింగ్ కోసం ఆగకుండా వాచ్ రాగానే బయల్దేరాలి. వాచ్ అంటే ఈ కొన్ని గంటల్లో ఈ కౌంటీల్లో సుడిగాలికి అవకాశం ఉందని. వార్నింగ్ అంటే రాడార్‌లోనో కంటికో కనిపించిందని, పటంలో గీసిన ఆ బహుభుజిలో మీరున్నారా లేదా చూసుకోవాలి. వెదర్ రేడియోకు మీ కౌంటీ కోడ్ పెట్టుకుంటే పక్క జిల్లాల హెచ్చరికలకు రాత్రంతా మోగదు. ఓక్లహోమా కౌంటీకి 040109, మూర్, నార్మన్ ఉన్న క్లీవ్‌లాండ్ కౌంటీకి 040027.

బీమా కాగితంలో గాలి, వడగళ్ళ మినహాయింపు తరచూ వేరుగా, శాతంలో ఉంటుంది. 3,00,000 డాలర్ల ఇంటికి 2 శాతం అంటే మొదటి 6,000 డాలర్లు మీ జేబులోంచే. వరద నష్టం మామూలు ఇంటి పాలసీలో రాదు. షెల్టర్ పెట్టించగానే నగరపాలక సంస్థలో నమోదు చేయించండి. వీధి గుర్తులు కూడా లేకుండా పోయినప్పుడు రక్షణ సిబ్బంది ఆ జాబితా పట్టుకునే తవ్వుతారు.

ఓక్లహోమా సిటీలో శనివారం మధ్యాహ్నం 12 గంటలకు సైరన్లు పరీక్షిస్తారు. అది మోగినప్పుడు మూత ఒకసారి జరిపి చూడండి, గాడిలో ఇసుక ఉంటే ఊడ్చండి, టార్చ్ వెలిగించి చూడండి, జాకీ తిరుగుతోందో లేదో చూడండి. ఆకాశం మబ్బు పట్టి వాతావరణం బాగా లేని శనివారం ఆ పరీక్ష పెట్టరు. అలాంటి రోజున సైరన్ మోగితే మూత తెరిచి లోపలికి దిగాల్సిందే.